గోనెపట్టాల దారి

ఇలా దగ్గరికి రా బంగారూ, నా మోకాలికి ఆనుకుని కూర్చో. ఈమధ్య నా గొంతు గది దాటడం లేదు. మా అత్తకి కుడి చెయ్యి ఎందుకు పైకి లేచేది కాదో ఇవాళ చెబుతాను. ప్రార్థనలో అందరూ రెండు చేతులూ ఎత్తితే ఆవిడ ఒక్కటే ఎత్తేది. రెండోది దేవుడు ముందే తీసేసుకున్నాడనేది.

అప్పట్లో మాది సబ్బుల షెడ్డు. అత్తా, నేనూ, మేం గువ్వ అని పిలుచుకునే పిల్లా, ముగ్గురమే పని. గువ్వ బాప్తిస్మం తీసుకుందని తెలిసి ఆమె అన్న చావబాదితే మా పంచన చేరింది. ఆ అన్న మాంసం కొట్టువాడు. మళ్ళీ కంటబడితే నరుకుతానన్నాడట. ఊరికే బెదిరించే రకం కాదు. నరకడం వాడికి రోజూ ఉన్న పనే కదా.

ఆ రోజు పొద్దున్నే గువ్వ, సగం ఉడికిన సబ్బు గంగాళాన్ని దించబోయి మొత్తం ఒలకబోసింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేలంతా జారుడే. అత్త తిట్టిన తిట్లు వీధి చివరికి వినబడి ఉంటాయి. కడుగుతూ కూర్చుంటే పని సాగదని, వీధి తలుపు నుంచి వెనక తలుపు దాకా గోనెపట్టాలు వరసగా పరిచి దారి చేసుకున్నాం. మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఆఖరున నడిచేవాళ్ళు పట్టాలు తీసుకుంటూ పోవాలి. లేకపోతే అవి సబ్బు పీల్చుకుని పాడైపోతాయి.

మధ్యాహ్నం వీధి తలుపు దగ్గర కాస్త తుడిచి పొడి చేసుకున్న చోట ముగ్గురం మోకరించాం. అత్త ఇంకా ఆమేన్ అనలేదు, తలుపు మీద కత్తి దెబ్బ పడింది. గువ్వని బయటికి పంపకపోతే ముగ్గురినీ నరుకుతానని ఆమె అన్న అరుస్తున్నాడు.

"కాసేపు ఆగు నాయనా," అంది అత్త కళ్ళు తెరవకుండానే, "ప్రార్థన సగంలో ఉంది."

గడియ ఊడిపడింది. వాడూ, వాడి వెనక ఇద్దరూ లోపలికి దూసుకొచ్చారు. అత్త లేచి గువ్వకి అడ్డం నిలబడింది. వాడి మాంసం కత్తి ఆవిడ కుడి భుజంలో దిగి ఎముక విరిచింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వెచ్చటి నెత్తురు నా ముఖం మీద చిందింది. పక్కనున్న ఉప్పు బస్తా వాళ్ళ కాళ్ళ మీదికి తోసి, గువ్వా నేనూ అత్తని ఈడ్చుకుంటూ పట్టాల మీద పరుగెత్తాం. ఆఖరున ఉన్నది నేను. అంత భయంలోనూ నా చెయ్యి అలవాటుగా పట్టాలు లాగుతూనే ఉంది. నేను అనుకుని చేసింది కాదు బంగారూ, ఒట్టు.

తీరా చూస్తే వెనక తలుపుకి బయట ఎవరో దించిపోయిన నూనె డ్రమ్ము అడ్డంగా ఉంది. ఎంత తోసినా కదల్లేదు.

"ప్రభువా," అంది అత్త నెత్తురు కారుతూనే, "సముద్రాన్ని పాయలు చేసినవాడివి. మాకు అంత అక్కర్లేదు, ఈ డ్రమ్ము జరుపు చాలు."

డ్రమ్ము జరగలేదు. వాళ్ళు మాత్రం మా మీదికి ఉరికారు. మొదటివాడు వెల్లకిలా పడి తల పగలగొట్టుకున్నాడు. రెండోవాడు మొదటివాడి మీద పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. గువ్వ అన్న జారుతూ వెళ్ళి, సబ్బులో కలిపే, తగిలితే ఒళ్ళు కాల్చే కాస్టిక్ నీళ్ళ తొట్టిని గుద్దుకున్నాడు. తొట్టి వాడి ముఖం మీద బోర్లా పడింది. అలాంటి కేక నేను మళ్ళీ వినలేదు. వెంట వచ్చిన ఇద్దరూ దేకుతూ వీధిలోకి పారిపోయారు, వాడి వైపు చూడనైనా లేదు. వాడు కళ్ళు కనబడక, నిన్ను చంపుతానే అంటూ కత్తితో నేలని నరుకుతున్నాడు.

అప్పుడు గువ్వ నా చేతుల్లోంచి పట్టాలు లాక్కుని మళ్ళీ పరవడం మొదలుపెట్టింది. నేను కొంగు పట్టి ఆపబోతే విదిలించుకుంది. బిందెతో మంచినీళ్ళు పట్టుకుని వాడి దగ్గరికి వెళ్ళింది. వాడు చప్పుడు విని కత్తి ఝళిపించాడు. ఆమె చిటికెన వేలు తెగి నురగలో పడింది.

"తల ఎత్తు అన్నా," అంది. "నీళ్ళు పోస్తాను, కళ్ళు తెరు."

వాడు ఆమె జుట్టు పట్టుకుని కత్తి పిడితో గుద్దాడు. ఆమె పోస్తూనే ఉంది. మళ్ళీ గుద్దాడు. బిందె అయిపోతే నేనే ఇంకోటి తెచ్చి అందించాను. ఎప్పటికో వాడి పిడికిలి వదులైంది, కత్తి జారిపోయింది. చిన్నపిల్లాడిలా ముఖం పైకెత్తాడు.

వాడికి ఒక కన్ను దక్కింది. ప్రార్థనకి ఏనాడూ రాలేదు. మా గుమ్మం వైపు కత్తి పట్టుకునీ రాలేదు. కన్ను ఎలా పోయిందని అడిగినవాళ్ళకి, స్నానం చేస్తుంటే సబ్బు పడిందని చెప్పేవాడట.

మిమ్మల్ని కాపాడింది ఒలికిన సబ్బేగా అని ఎవరో అంటే, ఆ గంగాళం మాలో ఎవరమైనా కావాలని ఒలకబోసి ఉంటే మీ మాట ఒప్పుకునేదాన్ని, ఒలకబోయించింది దేవుడు అంది అత్త. ఆ పిల్లని అంత తిట్టినందుకు మాత్రం బతికినన్నాళ్ళూ నవ్వుకునేది.

నువ్వు రేపు నీ పిల్లలకి ఇది చెప్పేటప్పుడు, ఆ కత్తి పట్టుకొచ్చినవాళ్ళు జారిపడ్డచోట ఆపెయ్యకు తల్లీ. అక్కడ అందరూ నవ్వుతారు, ఆపాలనిపిస్తుంది. గువ్వ పట్టాలు తిరిగి పరిచింది చూడు, అక్కడిదాకా చెప్పు. దేవుడు ఆ రోజు విడిపించింది మమ్మల్ని ముగ్గురినే కాదు.