లోపలికి వాలిన దిమ్మె

ఆరో వరుస పూర్తయ్యాక వాల్డెమిర్ మౌస్ వదిలి వేళ్లు విరుచుకున్నాడు. తెర మీద గోడ ఛాతీ ఎత్తుకు లేచింది. కంప్యూటరుకు వదిలేస్తే ఒక్క నొక్కుకి గోడంతా కొబొగోలతో, అంటే గాలాడే దిమ్మెలతో, నింపేస్తుంది, చివర్న చోటు చాలని దిమ్మెను సగానికి కోసేస్తుంది. ఆ చిల్లుల సిమెంటు దిమ్మెను కోస్తే ముక్కలైపోతుందని కంప్యూటరుకు తెలియదు. ఆ కంప్యూటరును కొన్న డాక్టర్ ఎవెరార్దోకు అసలే తెలియదు. అందుకని వాల్డెమిర్ ప్రతి వరుసలో నిండు దిమ్మెలే పట్టేలా అతుకుల సందులు సరిచూసి పేరుస్తాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే పని, మొదట పెన్నుతో, తర్వాత మౌస్‌తో. మెచ్చుకున్నవాడు లేడు, కనిపెట్టినవాడూ లేడు.

ఎవెరార్దో వైద్యుడేమీ కాదు, ఆర్కిటెక్టు. రెసిఫె నగరంలో ఒక ఆఫీసూ, తండ్రి వదిలిపోయిన ఇంటిపేరూ ఉంటే చాలు, ఎవణ్ణయినా డాక్టరుగారు అనాల్సిందే. ఏసీ చలిలో కోటు తొడుక్కుని గాలాడే గోడల గురించి ఉపన్యాసాలిస్తాడు. దిమ్మెను రెండు చేతులతో ఎత్తిన పాపాన పోలేదు.

వాల్డెమిరూ అలాంటి యజమానికి తగ్గవాడే. బక్కపలచటి మనిషి, మెడ కంటే ముందు వీపు వంగుతుంది. చిన్నప్పుడు తండ్రి దిమ్మెలు పోసే అచ్చుల దొడ్లో తడి సిమెంటు తినేసిన వేళ్ల కొసలు నున్నగా ఉంటాయి. ఆఫీసు తలుపుకున్న వేలిముద్రల యంత్రం ఆయన్ని గుర్తుపట్టదు. ఎవరో ఒకరు వచ్చి తీసేదాకా రోజూ బయట నిలబడతాడు. ఒక్కసారైనా గట్టిగా తలుపు కొట్టలేదు. ఉద్యోగంలో ఆఖరి రోజైన ఇవాళ కూడా కొట్టలేదు. సోమవారం నుంచి గోడలు వెనక బల్ల దగ్గరి కుర్రపిల్ల తాయిస్ గీస్తుంది, లేదా కంప్యూటరే గీసుకుంటుంది.

కాఫీ బల్ల పైన అద్దంలేని చిన్న కిటికీలో తండ్రి పోసిన కొబొగో ఒకటి ఉంది. చేరిన కొత్తలో వాల్డెమిరే తెచ్చి, సిమెంటు పెట్టకుండా ఊరికే అమర్చాడు. దాని అడ్డపలకలు బయటికి వాలి ఉంటాయి. గాలి లోపలికొస్తుంది, వాన బయటికి జారిపోతుంది. అందులో ఉన్న విద్యంతా అంతే.

మధ్యాహ్నం డబ్బా విప్పి చిక్కుడు గింజల కూర తింటుండగా భార్య లిందినాల్వా ఫోన్ చేసింది. ఇబురా గుట్ట మీది బడిలో వంట చేస్తుంది. పోయిన జూన్ వానల్లో ఆ వంటగది తడి నేల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇప్పుడు తెర మీద లేస్తున్నది ఆ వంటగది కొత్త గోడే.

"ఏమయ్యా, ఈసారైనా మా నెత్తిన నీళ్లు పొయ్యరు కదా?"

"నేనేగా గీస్తోంది."

"అదే నా భయం. వాళ్లేమన్నా నువ్వు ఊ అంటావు."

రెండింటికి ఎవెరార్దో వచ్చి భుజం మీంచి వంగి ఏదో మీట నొక్కాడు. దిమ్మెలన్నీ ఒక్క దిమ్మెకు నకళ్లే కాబట్టి గోడ మొత్తం లోపలిది బయటికి తిరిగింది.

"చూశావా, నీడ ఎంత బాగా పడుతోందో. ఇలాగే పంపించెయ్యి."

"సార్, వాలు లోపలికి తిరిగింది. వానొస్తే వంటగదిలోకే కొడుతుంది."

"బొమ్మలో వానెక్కడుందయ్యా?"

వెనక బల్ల దగ్గర తాయిస్ కిసుక్కుమంది. "ఆయనకి బొమ్మలో కూడా గొడుగు కావాలి సార్."

"వంటవాళ్లకి తడి కొత్తా?" అంటూ ఎవెరార్దో జీడిపప్పు ఉప్పంటిన వేళ్లు వాల్డెమిర్ కుర్చీకి తుడుచుకున్నాడు.

ఆ వంటమనిషి నా భార్య అనాలి. వాల్డెమిర్ ఊ అన్నాడు. తన గొంతు వింటే తనకే అసహ్యమేసింది.

ఎవెరార్దో తన గదిలోకి వెళ్లాక ఆ బొమ్మను అలాగే ఉంచి, మేస్త్రీకి వెళ్లే నక్షాను విడిగా తెరిచాడు. అసలు దిమ్మె ఒక్కదాన్ని పట్టుకుని తిప్పాడు. ఆరువందల పన్నెండు దిమ్మెలూ వాలు బయటికి పెట్టుకుని నిలబడ్డాయి. బొమ్మను డాక్టరుకి పంపాడు, గోడను మేస్త్రీకి పంపాడు. వానలు వెళ్లాక పొడినేల చూసి డాక్టరుగారి ప్రతిభ అంటారు. ఇన్నేళ్లూ అన్నది అదే.

అయిదింటికి వీడ్కోలు పేరిట, జామ గుజ్జు పూసి చుట్టిన చుట్టల కేకు కోశారు. వాల్డెమిర్ మన కుటుంబ సభ్యుడని ఎవెరార్దో రెండుసార్లు అన్నాడు, ఆ కుటుంబానికి వేలిముద్ర తలుపుందన్న సంగతి మరిచి. తిరగేసిన గోడ బొమ్మకే చట్రం కట్టించి చేతిలో పెట్టాడు. ఫొటోకి ముందు కిటికీలోని కొబొగోను తాయిస్ చేత తీయించి, అందంగా ఉండే వైపు లోపలికి తిప్పి పెట్టించాడు. బయట మబ్బు కమ్ముకుంటోంది.

అలవాటుకొద్దీ వాల్డెమిర్ చెయ్యి దిమ్మె దాకా వెళ్లింది. ఒక్క క్షణం ఆగి, తిరిగొచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో వాళ్ల తప్పును వాళ్లకే వదిలేయడం అదే మొదలు. చట్రం కాఫీ బల్ల మీద పెట్టి, ఖాళీ డబ్బా సంచిలో వేసుకున్నాడు.

"వానొచ్చేలా ఉంది, ఉండిపోండి కాసేపు," అంది తాయిస్ తలుపు తీస్తూ.

"మా ఇంట్లో తడవదమ్మా," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆయన బస్సెక్కేసరికి వాన అందుకుంది. పైన ఖాళీ ఆఫీసులో తండ్రి పోసిన కొబొగో పలకల మీదుగా నీళ్లు లోపలికి జారి, చట్రంలోని నీడల మీద ఒక్కో చుక్కా పడుతున్నాయి.