బావ ముక్కు

పెయింటరు ముక్కుకు పుట్టి బుద్ధెరిగాక ఇంత మర్యాద ఎన్నడూ దక్కలేదు. బామ్మర్ది అతణ్ణి షెడ్డులో స్టూలు మీద కూర్చోబెట్టి, పొడుగాటి గాజు గ్లాసులో సగం పోసిచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండేళ్లు తంటాలు పడి కాచిన మొదటి బీరు అది. జర్మనీ వాళ్ల పద్ధతిలో గోధుమలతో చేసింది, మామూలు బీరుకు దాదాపు రెట్టింపు ఘాటు. నాలుగింటికి, ఈ బీరు కొనాలనుకుంటున్న హోటలావిడ రుచి చూడటానికి వస్తోంది. ఆవిడకు నచ్చితే షెడ్డు నిలుస్తుంది, లేకపోతే బామ్మర్ది మళ్లీ పని కోసం పాత ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడాలి. ఇంతా చేస్తే మూడు రోజులుగా అతనికి జలుబు. ఉల్లిపాయకూ సబ్బుకూ తేడా తెలియనంతగా ముక్కు దిబ్బడేసింది.

"నీ ముక్కే దిక్కు బావా. ఏ వాసన వస్తే అది ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు బొంగురు గొంతుతో. ఏ వాసన రావాలో మాత్రం చెప్పలేదు. చెబితే బావ మొహమాటానికి అదే వస్తోందంటాడని అతని భయం.

బీరు బురదనీళ్లలా మసకగా ఉంది. అది చూసి పెయింటరు ముందే కంగారుపడ్డాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే గుప్పుమంది. మగ్గిన అరటిపండు వాసన. ఇంకెవరికైనా అది అరటిపండే గానీ, ఇరవై ఏళ్లుగా స్ప్రే గన్ పట్టినవాడికి అది రంగులో కలిపే థిన్నర్. రెండు నెలల కిందట ఈ షెడ్డులోనే ఇనుప స్టాండ్లకు రంగు కొట్టాడు. డబ్బాకు మూత పెట్టాడా? అప్పుడు బీరు ట్యాంకు మూత తెరిచి ఉందా? ఎంత బుర్ర గోక్కున్నా గుర్తు రాలేదు. చేతులు వాసన చూసుకున్నాడు, చొక్కా చూసుకున్నాడు.

తాగాడు. తియ్యగా ఉంది, చివర్లో లవంగం కొరికినట్టు ఏదో తగిలింది. థిన్నర్ రుచి తెలిస్తే పోల్చుకునేవాడే, ఇన్నేళ్ల పనిలో అదొక్కటీ చెయ్యలేదు. ఇంకో గుక్క తాగాడు. బాగుంది కూడా, అదే అర్థం కాలేదు. నాలుగో గుక్కకు చెవులు వేడెక్కాయి. అది బీరు మత్తో థిన్నర్ మత్తో తేలలేదు.

తన వల్లే పాడయిందని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? ఇంట్లో భార్యకు తమ్ముడంటే ప్రాణం. గ్లాసు కింద పెట్టి, "ఏ వాసనా లేదురా. మంచినీళ్లలా శుభ్రంగా ఉంది," అన్నాడు.

మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం. బామ్మర్ది మొహం మాడిపోయింది. అస్సలు ఏమీ లేదా అని ఒకసారి అడిగాడు. లేదంటే లేదన్నాడు పెయింటరు. బామ్మర్ది తిన్నగా వెళ్లి, ట్యాంకు గొట్టాన్ని మురుగు కాలవలోకి వదిలి, కుళాయి మీద చెయ్యి వేశాడు.

బాగుందంటే పారబోస్తాడేమిటి? పెయింటరుకు తలా తోకా తెలియలేదు. కుళాయి కిర్రుమనేసరికి ఆగలేకపోయాడు. తూలుకుంటూ వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అబద్ధం చెప్పానురా. అరటిపండు వాసన వస్తోంది. నా థిన్నరే దీంట్లో పడింది. తప్పు నాది, నీ పనిలో లోపం లేదు."

బామ్మర్ది కళ్లు తుడుచుకున్నాడు, జలుబుకో ఏడుపుకో తెలియదు. స్టాండ్లకు రంగు కొట్టిన రోజుకు అసలు ట్యాంకే రాలేదన్నాడు. ఈ బీరులో అరటిపండు, లవంగం వాసనలు పులియబెట్టే ఈస్టే పుట్టిస్తుందనీ, అవి లేకపోతే రెండేళ్ల కష్టం నేలపాలేననీ చెప్పాడు. పెయింటరు తలూపాడు గానీ, పండు వెయ్యకుండా పండు వాసన ఎలా వస్తుందో అతని బుర్రకెక్కలేదు.

బయట హోటలావిడ స్కూటరు ఆగింది. బామ్మర్ది గ్లాసు ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాడు. ఏమీ రాలేదు. గ్లాసు మళ్లీ బావ చేతికే ఇచ్చాడు.

"ఎలా ఉందో ఇంకోసారి చెప్పు బావా."

పెయింటరు కళ్లు మూసుకున్నాడు. "తొక్క మీద నల్లమచ్చలు పడ్డాక ఉంటుందే, అలా మగ్గిన పండురా," అన్నాడు మెల్లగా.

తలుపు చప్పుడయింది. ఇద్దరూ కదల్లేదు. "ఇంకా?" అన్నాడు బామ్మర్ది.