ఎర్రగా వచ్చిన అంకెలు

పదకొండు ప్లాంట్లలో తుమ్మలవాగుది ఎప్పుడూ పదకొండో స్థానమే. ఆ సంగతి తహసీన్‌కు ఎవరూ చెప్పనక్కరలేదు. నెలనెలా ఆ వరస తయారు చేసేది తనే.

మంచిర్యాలలో ఒక కంపెనీ కార్యాలయంలో ఆమె ఉద్యోగం. చుట్టుపక్కల పల్లెలకు తాగునీరు శుద్ధి చేసి ఇచ్చే ప్లాంట్లను ఆ కంపెనీ నడుపుతుంది. ప్లాంటుకు వచ్చిన నీటిలో మడ్డి ఎంత, పటిక ఎంత కలిపారు, మోటరు ఎప్పుడు ఆగింది, ఊరి చివరి నల్లాలో క్లోరిన్ ఎంత మిగిలింది, ఇవన్నీ ఆపరేటర్లు ఫోనులో నమోదు చేస్తారు. వాటిని సరిచూడటం తహసీన్ పని. హద్దులో లేని అంకె కంప్యూటరు మీద ఎర్రగా కనబడుతుంది. ఎర్రవి ఎంత తక్కువుంటే ఆ ప్లాంటుకు అంత మంచి పేరు.

తుమ్మలవాగు ఆపరేటరు అనసూర్య. ఆమె పంపే చివరి నల్లా అంకెలు నెలకు మూడు నాలుగుసార్లు ఎర్రబడేవి. తహసీన్ ఆమెకు ఎన్నోసార్లు ఫోన్ చేసింది. తప్పు పడ్డట్టుంది, సరిచేసి పంపమని చెప్పింది. అనసూర్య సరేనని మళ్లీ పరీక్ష చేసేది, మళ్లీ అదే అంకె పంపేది. ఇంత మొండి మనిషిని ఎక్కడా చూడలేదని తహసీన్ లోలోపల విసుక్కునేది.

ఆగస్టు మొదటి వారంలో మేనేజరు దేవదాస్ పిలిచి, అనసూర్యకు మెమో తయారు చేయమన్నాడు. ఇంకో నెల చూసి ఆమె స్థానంలో వేరేవాళ్లను పెడదామన్నాడు.

మెమోకు తేదీలు కావాలి. తహసీన్ ఆరు నెలల వివరాలు తెరిచి, ఎర్రగా వచ్చిన రోజులను ఒక కాగితం మీదికి ఎక్కించసాగింది. పంతొమ్మిది రోజులు తేలాయి. పక్కనే మోటరు వివరాలు కూడా కనబడుతున్నాయి. పది తేదీలు రాసేసరికి ఆమె చేయి ఆగింది. రాసిన ప్రతి రోజూ మోటరు మధ్యలో ఆగింది. మిగతావి చూసింది. పంతొమ్మిదికి పంతొమ్మిదీ అంతే. కరెంటు పోయి మోటరు ఆగి మళ్లీ నడిచిన రోజునే క్లోరిన్ పడిపోయింది. మోటరు ఆగకుండా నడిచిన రోజు ఒక్క ఎర్ర అంకె కూడా లేదు.

పొరపాటున రాసే అంకెలు ఇంత కచ్చితంగా ఒక వరసలో పడవు. తహసీన్ మిగతా పది ప్లాంట్లవీ తెరిచింది. కరెంటు అక్కడా పోయింది. కానీ ఏడు ప్లాంట్లలో చివరి నల్లా క్లోరిన్ రోజూ సున్నా పాయింట్ మూడే. వానలోనూ అదే, ఎండలోనూ అదే. పరీక్ష చేయకుండా రాసినవే. ఇన్నాళ్లూ ఆ అంకెలను చూసి తృప్తిపడింది తనేనని గుర్తుకొచ్చి ఆమెకు సిగ్గేసింది.

సాయంత్రం నస్పూర్‌లో ఇంటికి చేరి తండ్రికి ఈ సంగతి చెప్పింది. బాబు మియా ముప్పై రెండేళ్లు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. చాయ్ తాగుతూ అంతా విన్నాడు.

"మేం లోపలికి దిగేముందు సర్దారు పోయి గ్యాస్ చూసి బుక్కుల రాసేటోడు బేటా," అన్నాడు. "గ్యాస్ ఉన్నదని రాస్తె పని బంద్. పైవోళ్లు తిట్టేటోళ్లు. గట్ల తిట్లు తిన్న సర్దారు రాతనే మేం నమ్మి దిగినం."

మర్నాడు తహసీన్ మెమో రాయలేదు. కాగితం దేవదాస్ ముందు పెట్టి, ముందు తుమ్మలవాగు వెళ్లి చూసివస్తానంది. దేవదాస్ చెడ్డవాడు కాదు, పైనుంచి ఒత్తిడి ఉన్నవాడు. కాగితాన్ని రెండుసార్లు చదివి ఒక్కరోజు ఇచ్చాడు.

తుమ్మలవాగు ప్లాంటు ఊరికి పైన, చిన్న మిట్ట మీద ఉంది. లోపల నేల అద్దంలా తుడిచి ఉంది. అనసూర్యకు యాభై దాటి ఉంటాయి. మొదట్లో ఆ ప్లాంటులో ఊడ్చే పనికి చేరి, చూసి చూసి పరీక్షలన్నీ నేర్చుకుని ఆపరేటరైన మనిషి. తహసీన్‌ను చూడగానే లేచి, నడుముకున్న తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది.

"తాళాలు తీస్కపోనీకి వచ్చిన్రా మేడం?"

"కాదు అనసూర్యక్కా. నేను అన్నిసార్లు ఫోన్ చేసినా అంకె ఎందుకు మార్చలేదో అడుగుదామని వచ్చిన."

అనసూర్య మెల్లగా అంది.

"ఏం లేని నీళ్లకు మూడు అని ఎట్ల రాయాలె? రాస్తె మీరు ఖుష్ అయితరు. తాగే పోరగాండ్లకు కడుపునొస్తె ఎవరికి చెప్పాలె?"

తహసీన్ ఆమె చేయి పట్టుకుని, తప్పు తనదేనంది. తర్వాత పంతొమ్మిది తేదీల కాగితం చూపించింది. మోటరుకూ క్లోరిన్‌కూ ఉన్న లంకె వివరించేసరికి అనసూర్య ముఖంలో వెలుగు వచ్చింది. అనుమానం ఆమెకూ ఉంది, కానీ అడిగినవాళ్లు లేరు.

ఇద్దరూ పరీక్ష పెట్టె పట్టుకుని ఊరి చివరి నల్లాకు వెళ్లారు. అది శంకరవ్వ ఇంటి ముందుంది. ఈ వానాకాలంలో తన మనవలకు రెండుసార్లు వాంతులు, విరేచనాలు పట్టాయని ఆ ముసలామె చెప్పింది. పరీక్ష సంగతి విని, ఆ పూట ఎవరూ నీళ్లు పట్టుకోవద్దని చెప్పడానికి తనే కర్ర పట్టుకుని వాడంతా తిరిగింది. అనసూర్య ప్లాంటులో ఉన్న వాచ్‌మన్‌కు ఫోన్ చేసి మోటరు అరగంట ఆపించి, మళ్లీ వేయించింది. నల్లాలో నీళ్లు రాగానే గాజు గొట్టంలో పట్టి చుక్కల మందు వేసింది. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపుపచ్చగా మారాలి. అవి తెల్లగానే ఉండిపోయాయి.

అక్కడి నుంచి ఒక్కో నల్లా దగ్గరా పరీక్ష చేస్తూ ప్లాంటు వైపు వెనక్కి నడిచారు. ఒకచోట తెలుపు, తర్వాతి చోటా తెలుపు. కిరాణా దుకాణం పక్క నల్లాలోనూ తెలుపే. మురుగునీళ్ల మోరీ దాటి అవతలి నల్లాలో నీళ్లు పట్టారు. అవి చక్కగా పసుపుకు తిరిగాయి.

ఇద్దరూ ఒకేసారి మోరీ వైపు చూశారు.

తహసీన్ అక్కడి నుంచే దేవదాస్‌కు ఫోన్ చేసింది. మధ్యాహ్నానికల్లా ఆయనే మనుషులను తీసుకుని వచ్చాడు. మూడడుగులు తవ్వేసరికి మోరీ కింద పైపు జాయింటు వేలు దూరేంత విచ్చుకుని కనబడింది. మోటరు నడుస్తున్నప్పుడు మంచినీళ్లు బయటికి కారేవి. మోటరు ఆగినప్పుడు ఖాళీ పైపు మోరీ నీళ్లను లోపలికి గుంజుకునేది. ఆ మురికితోనే క్లోరిన్ అంతా ఖర్చయిపోయేది. దేవదాస్ గుంట అంచున చాలాసేపు నిలబడి, చివరికి అనసూర్య వైపు తిరిగాడు.

"నీకు మెమో ఇద్దామనుకున్ననమ్మా," అన్నాడు. "మనసుల పెట్టుకోకు."

సాయంత్రానికి కొత్త జాయింటు పడింది. లైను కడిగి, మోటరు ఆపి, మళ్లీ నడిపారు. శంకరవ్వ నల్లా నీళ్లలో చుక్కలు వేసింది అనసూర్యే. గొట్టం పసుపుపచ్చగా మారుతుంటే, చుట్టూ చేరిన ఆడవాళ్లకు అదేమిటో విడమరిచి చెప్పింది. ఆ చెప్పడం చూస్తుంటే తహసీన్ గుండె నిండిపోయింది. ఇంత నమ్మదగిన మనిషి రాత తన దగ్గరికే కదా వచ్చేది అనుకుంది.

ఆపరేటర్ల నెలాఖరు సమావేశంలో దేవదాస్ స్థానాల పట్టిక చదవలేదు. ఇక మీదట చదవనన్నాడు కూడా. ఎర్ర అంకె పంపినందుకు ఎవరినీ మందలించేది లేదని, దాచినట్టు తెలిస్తే మాత్రం ఊరుకోనని చెప్పాడు. అనసూర్యను ముందుకు పిలిచి, పరీక్ష ఎలా చేయాలో అందరికీ చూపించమన్నాడు. ఆమె కొంగు దోపుకుని, ఒక్కొక్కరి చేతా గొట్టం పట్టించి రెండు గంటలు నేర్పింది.

మరుసటి నెల పదకొండు ప్లాంట్ల నుంచి కలిపి నలభై ఒక్క ఎర్ర అంకెలు వచ్చాయి. తహసీన్ ఉద్యోగంలో చేరాక అన్ని ఎప్పుడూ రాలేదు. దేవదాస్ జాబితా చూసి నిట్టూర్చి, ముందు ఏ ఊరికి పోదామని అడిగాడు. తహసీన్ అప్పటికే ఊళ్ల పేర్లు వరసగా రాసి ఉంచింది. తనతో అనసూర్యను కూడా పంపమని అడిగి ఒప్పించింది.

పొద్దున మొదటి బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పరీక్ష పెట్టె అనసూర్య ఒళ్లో ఉంది. ఆడవాళ్ల ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు ఇస్తూ కండక్టరు ఆ పెట్టె ఏమిటని అడిగింది. నీళ్ల పరీక్షకు పోతున్నామని, పక్కనున్నది తమ మేడం అని అనసూర్య చెప్పింది.

"మేడం నేను గాదు," అంది తహసీన్ కండక్టరుతో. "నాకు పని నేర్పింది గీ అక్కనే."

అనసూర్య కిటికీ వైపు తిరిగి, పెట్టెను ఇంకాస్త దగ్గరికి తీసుకుని, నిటారుగా కూర్చుంది.