తీగల డబ్బా

దెనిత్సా ఓ బ్రా ఎడమ కప్పు అంచులోకి తీగ దూర్చి, మూతి కుట్టేసి, కుడిది అందుకుంది. సెవ్లియెవో ఊరిచివరి ఆ ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లుగా ఆమె పని ఇదే. వేళ్ల కొసలు కాయలు కాచి, సూది గుచ్చుకున్నా తెలియకుండా అయ్యాయి. తను మాత్రం ఒంటిమీద తీగ పెట్టుకోలేదు. తీగ నొక్కితే రొమ్ములో క్యాన్సరు పుడుతుందని చేరిన కొత్తలో ఎవరో చెప్పారు. ఏటా మార్చి ఎనిమిదిన ఫ్యాక్టరీ ఆడవాళ్లకిచ్చే బ్రాలోంచి రెండు తీగలూ లాగి, బిస్కట్ల డబ్బాలో వేసి, మిషను సొరుగులో పెట్టేది.

అయినా ఈస్టర్ నాడు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. ఇప్పుడు నవంబరు, అది అక్రోటుకాయంత అయింది. నొప్పి లేదు కాబట్టి చెడ్డది కాదని పక్క మిషను పెత్రానా ధైర్యం చెప్పింది. తేనె రాసి క్యాబేజీ ఆకు కట్టమన్నదీ ఆమే. దెనిత్సా రోజూ కట్టుకుంటూనే ఉంది, భయపడుతూనే ఉంది.

ఈ రోజు ఆవరణలో రొమ్ము పరీక్షల వ్యాను ఆగింది. నాలుగింటికి వెళ్లిపోతుంది. భోజనాల బల్ల దగ్గర అందరూ దాని గురించే. వ్యానులోని మిషను నొక్కితే గడ్డ చితికి ఒళ్లంతా పాకుతుందని ఒకరు, తల్లికి ఉంటేనే కూతురికి వస్తుందని ఒకరు. దెనిత్సా తల్లికి లేదు. ఆ ఒక్క మాటా పట్టుకుని కూర్చుంది.

"వెళ్లకక్కా," అంది పెత్రానా గొంతు తగ్గించి. "కొరివితో తల గోక్కోవడం దేనికి? మా ఆడపడుచు కత్తి పెట్టించుకుంది, ఆర్నెల్లు తిరక్కుండా పోయింది."

"అంతకుముందు ఎన్నాళ్లు దాచిందే?"

పెత్రానా వేళ్ల మీద లెక్కేసింది. "రెండేళ్లు."

నాలుగుకి పది నిమిషాలుందనగా దెనిత్సా లేచింది.

వ్యానులో డాక్టరమ్మ వాడిపోయిన ఆకు తీసి పక్కన పెట్టింది. ఎప్పటినుంచి అని అడిగింది.

"ఈస్టర్ నుంచమ్మా. నేనెప్పుడూ తీగ వేసుకోలేదు," అంది దెనిత్సా. "ఒక్కరోజు కూడా."

"తీగ వల్ల రాదండీ ఇది. ఈస్టర్ అప్పుడే వచ్చుంటే ఇంత కష్టమయ్యేది కాదు."

దెనిత్సాకి ఇన్నేళ్లూ వీధి తలుపుకి తాళం వేసి, పెరటి తలుపు తెరిచిపెట్టినట్టయింది. మర్నాడు ఆమెను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు.

మరుసటి నవంబరులో వ్యాను వచ్చేసరికి దెనిత్సా బతికి లేదు. ఆ రోజు వరసలో అందరికన్నా ముందు పెత్రానా నిలబడింది. పొద్దున్నే దెనిత్సా సొరుగు ఖాళీ చేసింది ఆమే. పారేయడానికి చేతులు రాక, బిస్కట్ల డబ్బాను మిషను మీదే ఉంచింది. అందులో తీగలు జతలు జతలుగా, తుప్పు పట్టకుండా, ఇప్పుడే కుట్టడానికి తెచ్చినట్టున్నాయి.