ఉప్పేసిన గంజి

చొప్పదండిలో రిబ్కమ్మకు ఒకటే దిగులు, పెళ్లయి ఏళ్లు గడుస్తున్నా కూతురు మహిమకు కడుపు పండలేదని. ఆ దిగులుతోనే నడి ఎండాకాలంలో ఒక సోమవారం నుంచి ఉపవాస ప్రార్థన పట్టింది. ఆదివారం ఆరాధన ముగిసేదాకా మంచినీళ్లు తప్ప నోట ఏదీ పెట్టనని మొక్కుబడి చేసుకుంది. బీపీ మనిషివి, వద్దని పాస్టరు నచ్చజెప్పినా వింటేనా? ఒంట్లోని నీరు లాగే బీపీ మాత్రలను మటుకు మానలేదు.

రేకుల ఇంట్లో చెమట ధారలు కట్టేది. తల తిరుగుతోందని తల్లి అన్నప్పుడల్లా మహిమ చెంబుతో నీళ్లు తాగించింది. ఎంత తాగితే అంత మంచిదనుకుంది పిచ్చిది.

శనివారం పొద్దున రిబ్కమ్మ మంచం మీది నుంచి లేవలేదు. "బిడ్డా, జర ఉప్పేసిన గంజి పోయవే. పానం గుంజుతున్నది" అంది.

పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉంది. కానీ ఇప్పుడు గంజి తాగితే తల్లి మొక్కుబడి తప్పుతుంది. తప్పితే తన ఒడి ఎన్నటికీ నిండదేమో. ఆ భయమే మహిమ చేతులు కట్టేసింది.

"రేపు తాగుదువు అవ్వా. గీ ఒక్క దినం ఓర్సుకో" అని మళ్లీ నీళ్లే అందించింది. తల్లి కాదనకుండా తాగింది.

మధ్యాహ్నానికి రిబ్కమ్మ మాట తడబడింది. "నువ్వెవరి పిల్లవు?" అని కూతురినే అడిగింది. ఆ వెనకే ఫిట్స్ వచ్చాయి. మహిమ భర్త ఫిలిప్ ఆటో మాట్లాడి కరీంనగర్ ఆసుపత్రికి చేర్చాడు.

"సోడియం బాగా పడిపోయింది" అన్నాడు డాక్టరు. "గోళీలతోని కొంత, చెమటతోని కొంత ఉప్పు పోయింది. తిండి లేదు. మీరేమో నీళ్ల మీద నీళ్లు తాగిపిచ్చిన్రు. ఉన్న ఉప్పు పలుచనై మెదడు వాచింది."

"పొద్దుగాల ఉప్పేసిన గంజి పోస్తే గీడిదాక రాకపోవునా సార్?" అని అడిగింది మహిమ.

డాక్టరు నర్సును పిలిచి ఉప్పు సెలైన్ పెట్టమన్నాడు.

ఆదివారం ఆరాధన వేళకు రిబ్కమ్మ కన్నుమూసింది. కన్నతల్లి చివరగా అడిగింది ఇంత గంజి, అదీ తనకోసం పస్తులున్న తల్లి. అది తలుచుకుంటే మహిమకు తన బతుకు మీదే అసహ్యం పుట్టింది.

సమాధుల దగ్గరి నుంచి వచ్చాక పక్కింటి లింగవ్వ గంజి గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"పొద్దుటి సంది ఏం తినలే. జర తాగు బిడ్డా. ఉప్పు సరిపోయిందా చూడు."

"సరిపోయింది చిన్నమ్మా" అంది మహిమ, పెదవులకు ఆనించకుండానే. చీకటి పడేదాకా గిన్నె అలాగే పట్టుకుని కూర్చుంది.