నెడ్రా చొక్కా

మా కోడలు జనెల్ నా భార్య చొక్కాను వాళ్ల అమ్మకు తొడిగింది. ఇది జరిగిన సంగతి. ఎవరు ఏ కారణం చెప్పినా నాకు అక్కర్లేదు.

నా భార్య పేరు నెడ్రా. ఫిబ్రవరిలో పోయింది. ఆ చొక్కాలు జనవరిలోనే అచ్చయి వచ్చాయి. రంగులరాట్నాలుండే ఆటల పార్కుకు వెళ్లే కుటుంబాల్లో అందరూ ఒకే రంగు చొక్కాలు వేసుకుంటారు, జనంలో తప్పిపోకుండా. మావి నారింజ రంగు. దూరం నుంచి చూస్తే రోడ్లు బాగుచేసేవాళ్లలా ఉంటాం. ముందు వైపు స్టకీ అని ఇంటిపేరు. వీపున ఎవరి వరస వాళ్లది. నాన్న, అమ్మ, తాతయ్య, నానమ్మ. మనవరాలు కోరిన్ వీపున మాత్రం దాని పేరే.

నెడ్రా తన చొక్కా ఒక్కసారి తొడిగి చూసుకుంది. ఆసుపత్రి మంచం మీద కూర్చుని, వాళ్లిచ్చిన గౌను పైనే వేసుకుంది.

"వదులైంది," అంది. "జూలైకల్లా తిని నింపుతాలే."

నింపలేదు. చొక్కా మడిచి జనెల్ చేతికిచ్చింది, అన్నీ ఒకచోట ఉంచమని.

జూలై వచ్చింది. టికెట్లు ముందే తీసుకున్నారు, హోటల్ గదులు ముందే చెప్పారు, కాబట్టి ప్రయాణం మానలేదు. నెడ్రా టికెట్ మీద జనెల్ వాళ్ల అమ్మ మార్వా వచ్చింది. రావడం గురించి నేనేమీ అనలేదు. ఎంతైనా మార్వా ఆ పిల్లకు అమ్మమ్మ.

కానీ పొద్దున హోటల్లో టిఫిన్ చేస్తుంటే లిఫ్టు తలుపు తెరుచుకుని మార్వా బయటికొచ్చింది. నారింజ చొక్కా. కాఫీ పోసుకోవడానికి అటు తిరిగింది. వీపున నానమ్మ అని ఉంది.

నేను తింటున్న గుడ్డు పక్కన పెట్టాను.

"ఏం మామయ్యా, చల్లారిపోయిందా?" అంది జనెల్.

"ఆ చొక్కా ఎవరిది?"

"అది..." జనెల్ ఆగింది. "అమ్మకు వేరే అచ్చు వేయించే టైమ్ లేదు మామయ్యా. అందరం ఒకే రంగులో ఉండాలి కదా. ఊరికే బీరువాలో పడుంటే ఏం లాభం?"

"బీరువాలో పడుండనివ్వాల్సింది."

మా అబ్బాయి కర్టిస్ ప్లేటులోకి చూస్తూ, "రంగు కోసమే నాన్నా. ఇంకేం లేదు," అన్నాడు. చిన్నప్పుడు గేటు వేయకుండా వచ్చి ఆవుల్ని రోడ్డు మీదికి వదిలినప్పుడు కూడా వాడు ఇలాగే నేల చూసేవాడు.

నా చొక్కా నేను వేసుకోలేదు. సంచి అడుగున పెట్టి, ఇంటి నుంచి వేసుకొచ్చిన బూడిద రంగు చొక్కాతోనే బయల్దేరాను.

మేం ఏటా వెళ్లే పార్కే అది. లోపల నెడ్రాకు ఇష్టమైనది ఒక్కటే, కొయ్యతో కట్టిన పాత రోలర్ కోస్టర్. దాని పేరు బూడిద నక్క. ఇనప బండ్లు ఎన్ని వచ్చినా ఆమె వాటి వైపు చూసేది కాదు. సాయంత్రం, ఇంకాసేపట్లో వెళ్లిపోతామనగా, దీపాలు వెలిగే వేళకు నక్క ఎక్కేది. పక్కన కర్టిస్ ఉంటే వాడు, లేకపోతే ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు. దిగాక వాళ్ల ఊరేమిటో, పిల్లలెందరో అన్నీ చెప్పేది.

నేను ఎక్కను. మా పాల కొట్టం పక్కన మేత నిల్వచేసే ఎత్తైన సైలో ఎక్కి దిగుతూ బతికినవాణ్ణి. కావాలని ఎత్తు మీంచి కిందపడే సరదా నాకు అర్థం కాలేదు. నక్క మెట్ల పక్కన ఆకుపచ్చ బెంచీ ఒకటి ఉంది. అది నా చోటు. సంచులు, టోపీలు, కళ్లజోళ్లు అన్నీ నా ఒళ్లో పడేసి వెళ్లేవాళ్లు. నేను కాపలా.

నక్క గేటు దగ్గర చెక్కతో చేసిన నక్క బొమ్మ చెయ్యి చాచి నిలబడి ఉంటుంది. తల ఆ పంజాకు తగిలితేనే ఎక్కనిస్తారు. పోయిన ఏడు కోరిన్ వేలెడు పొట్టిగా ఉండి ఆగిపోయింది. అక్కడే కూలబడి ఏడ్చింది. నెడ్రా దాని పక్కన చతికిలబడింది.

"ఏడవకు. వచ్చే ఏడు ముందు సీటులో నువ్వూ నేనూ. మీ నాన్న బతిమాలినా ఇవ్వను," అంది.

ఆ మాట అక్కడున్న అందరం విన్నాం. కాబట్టి ఈ ఏడు కోరిన్ పక్క సీటు ఎవరిదో అందరికీ తెలుసు.

పార్కులోకి వెళ్లగానే కోరిన్ అందర్నీ లాక్కుని నేరుగా చెక్క నక్క దగ్గరికే పోయింది. పంజా కింద నిటారుగా నిలబడింది. తల తగిలింది. జుట్టు కాదు, తలే.

"తగిలింది కదా తాతయ్యా? నువ్వు చూడు. నాన్న అబద్ధం చెప్తాడు."

"తగిలింది," అన్నాను.

అప్పుడే ఎక్కుతానని గొడవ చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. "సాయంత్రం ఎక్కుదాం. లైట్లు వేశాక," అని తనే వెనక్కి తిరిగింది.

పూటంతా తిరిగాం. గుర్రాల చక్రం, చిన్న రైలు, తడిపే పడవ. ఎండగా ఉన్నా గాలి వీస్తోంది. మార్వా నా పక్కన బెంచీల మీద కూలబడుతూ లేస్తూ ఉంది. ఆవిడకు మాట్లాడకపోతే ఊపిరాడదు.

"వెర్లిన్, నిమ్మకాయ నీళ్లు తాగండి."

"వద్దు."

"పొద్దుట్నుంచీ ఆముదం తాగినట్టు ఉన్నారు. దాని మీద నిమ్మకాయ పడితే రుచి మారుతుంది."

"నా నోరు, నా రుచి."

"మీ ఇష్టం. నెడ్రా మిమ్మల్ని ఎలా భరించిందో నాకు చెప్పేది లెండి."

ఏం చెప్పేదో నేను అడగలేదు. ఆవిడ నోటి వెంట ఆ పేరు రావడం నాకు నచ్చలేదు. ఆ చొక్కాతో ఉండగా అసలు నచ్చలేదు.

మధ్యాహ్నం మామూలుగానే కారు దగ్గరికొచ్చి తిన్నాం. పార్కులో తిండి కొనడం నెడ్రాకు సుతరామూ ఇష్టం ఉండేది కాదు. కారు వెనక తలుపు ఎత్తి, ఆ నీడలో మడత కుర్చీలు వేసుకుని, ఐస్ పెట్టెలోంచి హామ్ శాండ్‌విచ్‌లు తీసుకుని తినాలి. ఈసారి జనెల్ చేసింది. ఊరగాయ దోసకాయ ముక్కలు వెయ్యడం మరిచిపోయింది. నేను చెప్పలేదు, తిన్నాను.

అప్పుడు జనెల్ అంది. "నక్క మీద కోరిన్ పక్కన అమ్మ కూర్చుంటుంది. కర్టిసూ నేనూ వెనక కూర్చుంటాం."

"కూర్చోదు," అన్నాను.

మార్వా చేతిలో చిప్స్ పొట్లం గలగలమంది. ఆవిడ ఏమీ అనలేదు. అదొక్కటే ఆ రోజు ఆవిడ చేసిన మంచి పని అనుకున్నాను.

"మరి ఎవరు కూర్చుంటారు మామయ్యా?"

"ఎవరూ కూర్చోరు. ఆ సీటు నెడ్రాది. ఖాళీగా పోతుంది."

"నాన్నా," అన్నాడు కర్టిస్, "ఖాళీగా పంపరు. శనివారం. రెండు గంటల లైను ఉంటుంది."

"నేను మాట్లాడతాను వాళ్లతో."

"ఏమని?"

"మనిషి చచ్చిపోయిందని."

కోరిన్ శాండ్‌విచ్ అంచులు తెంపి వరసగా మోకాలి మీద పెట్టుకుంటోంది. అన్నీ వింది. తల ఎత్తలేదు.

సాయంత్రం నక్క లైనులో నేను కూడా నిలబడ్డాను. సంచులన్నీ భుజాన వేసుకుని. బెంచీ మీద కూర్చుంటే ఆ సీటు సంగతి చూసేవాడు ఉండడు. లైను మెలికలు తిరుగుతూ సాగింది. ముందు మార్వా, ఆవిడ వెనక నేను. ఆ అచ్చు అక్షరాలు చూస్తూ అంతసేపూ నడిచాను.

మావాళ్ల వంతు వచ్చేసరికి దీపాలు వెలిగాయి. పైన బండిలోకి ఎక్కించే మనిషి నా వయసువాడే. చొక్కాకు మెరిల్ అని పేరు బిళ్ల. చేతులు చూస్తే వ్యవసాయం చేసినవాడిలాగే ఉన్నాడు. నమ్మకం కలిగింది.

"ఈ పిల్ల పక్క సీటు ఖాళీగా పోనివ్వండి," అన్నాను. "అది నా భార్యది. పోయిన చలికాలంలో పోయింది."

అతను నన్ను చూశాడు. టోపీ కొంచెం వెనక్కి నెట్టుకున్నాడు.

"అయ్యో. నిజంగా బాధగా ఉంది పెద్దాయనా. కానీ వెనక జనాన్ని చూడండి. ఖాళీ సీటు పంపానంటే నన్నూ దాంతోపాటే పంపేస్తారు."

"ఒక్కసారికి."

"రోజుకు పదిమంది ఒక్కసారికే అడుగుతారు." అతను లైను వైపు తిరిగి కేకేశాడు. "ఒక్కరే వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా? ముందు సీటు, ఒక్కరికి!"

నీళ్లు కారుతున్న బనీనుతో ఒక లావుపాటి మనిషి చెయ్యి ఎత్తాడు. పడవ ఎక్కి తడిసిపోయి ఉన్నాడు. చేతిలో ఇంకా సగం తిన్న మొక్కజొన్న పొత్తు. జనాన్ని తప్పించుకుంటూ ముందుకు వస్తున్నాడు.

కోరిన్ గేటు దగ్గర నిలబడి అతన్ని చూసింది. తర్వాత మార్వాను చూసింది. తర్వాత నన్ను.

మార్వా ఒక అడుగు వేసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"అయితే ఎవరు వెర్లిన్?" ఆవిడ గొంతు పెంచలేదు. "నేను వద్దు. సరే, వద్దు. ఆ పొత్తు ఆయన కూర్చోవాలా? ఎవరో ఒకరు కూర్చోక తప్పదు. పిల్ల అక్కడ నిలబడి ఉంది."

లావుపాటి మనిషి దగ్గరికొచ్చేశాడు.

నేను భుజాన ఉన్న సంచులు తీసి మార్వా చేతుల్లో పెట్టాను. నా టోపీ, కళ్లజోడు కూడా.

"పట్టుకోండి," అన్నాను.

"ఎక్కడ పెట్టుకోవాలి ఇవన్నీ?"

"కింద బెంచీ ఉంది. ఆకుపచ్చది."

ఎక్కనివాళ్లు దిగిపోయే దారిలోంచి ఆవిడ కిందికి వెళ్లింది. నేను ముందు సీటులోకి దిగాను. సీటు ఇరుకు. కోరిన్ నా పక్కన కూర్చుంది. మెరిల్ వచ్చి మా ఒళ్లో ఇనప కడ్డీ కిందికి నొక్కి రెండుసార్లు లాగి చూశాడు. వెనక సీటులో కర్టిస్ "నాన్నా, నిజంగానేనా?" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు.

బండి కదిలింది. గొలుసు పట్టుకుంది. టకటకమంటూ ఏటవాలుగా పైకి లాగుతోంది. గడ్డివాము మీదికి మోపులు ఎక్కించే యంత్రం చప్పుడూ ఇదే. ఆ చప్పుడు నాకు తెలుసు కాబట్టి నేను బాగానే ఉన్నాను.

"తాతయ్యా, భయమా?"

"కాదు."

"నాకు కొంచెం." కోరిన్ కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. "పైకి వెళ్లాక ముందుకు చూడకూడదు. ఎడమకు చూడాలి. నానమ్మ చెప్పింది."

"ఎడమకు ఏముంది?"

"నీ బెంచీ."

బండి ఎక్కుతూనే ఉంది.

"నానమ్మ ప్రతిసారీ పైనుంచి నీకు చెయ్యి ఊపేది," అంది కోరిన్. "నేను కింద నీ పక్కన కూర్చుని చూసేదాన్ని. నేను ఊపేదాన్ని తిరిగి. నువ్వు నీ బూట్లు చూసుకుంటూ ఉండేవాడివి."

"సంచులు చూసుకుంటూ ఉండేవాణ్ణి."

"ఊఁ. సంచులు."

నెడ్రా ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు. దిగి వచ్చి, ఊరూ పేరూ తెలియని మనుషుల సంగతులన్నీ చెప్పేది. ఇది చెప్పలేదు. అందుకు కూడా నేను ఎవర్నీ క్షమించను.

శిఖరం దగ్గర బండి నెమ్మదించింది. కళ్లజోడు లేదు నాకు. అయినా ఎడమకు చూశాను. చెట్ల పైభాగాలు, దీపాలు, కార్లు నిలిపే మైదానం. వాటికి ఇవతల, మెట్ల పక్కన ఆకుపచ్చ గీత. దాని మీద నారింజ రంగు చుక్క. అక్షరాలు కనపడలేదు. మొహం కనపడలేదు. అంత దూరం నుంచి ఆ చొక్కాలో ఎవరైనా కావచ్చు. చుక్క లేచి నిలబడింది.

తర్వాత కింద పడ్డాం.

దిగాక మెట్ల దగ్గర కోరిన్ నా చెయ్యి పట్టుకుని నడిపించింది. బయటికి పోయే దారిలో గోడకు తెరలు ఉంటాయి, బండి కిందికి దూకేటప్పుడు తీసిన ఫోటోలు చూపిస్తారు. అందరూ వాటి ముందు ఆగి నవ్వుకుంటారు. మాది వచ్చింది. కోరిన్ నోరు తెరిచి ఉంది. వెనక జనెల్ కళ్లు మూసుకుని ఉంది. నా కుడి చెయ్యి కడ్డీ వదిలి గాలిలో ఉంది, పైకి ఎత్తి, అరచెయ్యి తెరిచి.

"మామయ్యా," అంది జనెల్. తెర మీద నా చెయ్యి చూపించింది.

"పట్టు తప్పింది," అన్నాను.

మార్వా సంచులతో ఎదురొచ్చింది. కళ్లజోడు నాకు ఇచ్చింది. తెర మీద ఫోటో చూసింది. తర్వాత ఇంకెవరికీ వినపడకుండా అంది, "నేను కూడా ఊపాను."

"మీకు కాదు," అన్నాను.

"తెలుసు వెర్లిన్."

మర్నాడు పొద్దున హోటల్లో నా గది తలుపు పిడికి ఒక సంచి తగిలించి ఉంది. లోపల నారింజ చొక్కా, ఉతికి, చెయ్యి తిరిగినవాళ్లు మడిచినట్టు మడిచి. ఆ రోజు పార్కుకు మార్వా పూల చొక్కా వేసుకుంది. జనంలో ఆవిడను రెండుసార్లు పోగొట్టుకున్నాం. కోరిన్ వెతికి తెచ్చింది.

చొక్కా ఇప్పుడు నా దగ్గర ఉంది. అంతమాత్రాన జనెల్ చేసింది చెయ్యనట్టు కాదు. ఒకరోజంతా అది వేరే మనిషి వీపు మీద ఉంది, నేను చూశాను, ఆ లెక్క జనెల్ మీద అలాగే ఉంటుంది.

కర్టిస్ ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో అడుగుతాడు, "నాన్నా, ఆ రోజు చెయ్యి ఎవరికి ఊపావు?" అని. పట్టు తప్పిందని ఒకసారి చెప్పాను. ఇప్పుడు ఇక్కడ చెప్పడం రెండోసారి. ఇక కర్టిస్ అడిగినా, కోరిన్ అడిగినా, ఆ మాట నేను ఎత్తను.