డెబ్బై మూడో పేజీ

టెండరు కాగితాలు నూట పద్నాలుగు పేజీలు. మా ఆయన జోల్దోష్ పది పేజీలు చూసి లాప్‌టాప్ నా వైపు తోశాడు. కిర్గిజ్ కొండల్లోని మా నారిన్‌లో బడికి కొత్త బాయిలరు, గొట్టాలు, రేడియేటర్లు బిగించే సర్కారు పని అది. అప్పటికే రెండు టెండర్లు పోయాయి. ఇదీ పోతే దుకాణం మూసేసి రష్యా పోయి కజాన్‌లో కూలి చేస్తానని వాళ్లమ్మకు చెప్పేశాడు.

"ఆ బడికి నూట ఎనభై రేడియేటర్లు కావాలి," అన్నాడు నాతో. "రాజధాని బిష్కెక్ నుంచి వచ్చే కాంట్రాక్టరు తిలెక్ నూట ఇరవైతో సరిపెడతాడు. తక్కువ ధర వాడిదే అవుతుంది."

నూట ఇరవై ఎలా సరిపోతాయి? సంగతి డెబ్బై మూడో పేజీలో దొరికింది. బయట ఎంత చలి ఉంటుందనుకుని లెక్క కట్టాలో చెప్పే పట్టిక అది. అందులో ఉన్నది మా కొండల చలి కాదు, అంతకంటే తక్కువుండే బిష్కెక్ చలి. అక్కడి కాగితాలనే దింపుకుని ఊరి పేరు మాత్రం మార్చారు.

"మీరిమ్ వాళ్ల నాన్నా, దీని మీద ప్రశ్న వేద్దాం. పోర్టల్‌లో రేపటి దాకా గడువుంది."

"పిచ్చా నీకు? కమిటీ తప్పు కమిటీకే చూపిస్తే మనకు పనిస్తారా?"

పిండిముక్కలు నూనెలో వేసి బోర్సోకులు వేయిస్తున్న అత్తగారు వెనక్కి తిరగకుండానే అన్నారు. "చూపించనప్పుడు మాత్రం ఇచ్చి చచ్చారా ఏంట్రా?"

పేజీ నంబరుతో సహా మర్యాదగా నాలుగు వాక్యాలు రాసి పంపాను. మూడో రోజున జవాబొచ్చింది. పట్టిక సవరించారు. అందరూ కొత్త లెక్కతో మళ్లీ ధరలు వేయాలి.

ధరలు తెరిచే రోజు కార్యాలయం వరండాలో తిలెక్ ఎదురయ్యాడు.

"వదినా, ఆ ప్రశ్న మీదేనని పందెం. మా మీద ఇంత పగేంటి?"

"మీ మీద కాదయ్యా, చలి మీద. మా అమ్మాయి చదివేది ఆ బడిలోనే."

రేడియేటర్ల లెక్క అందరికీ ఒకటే అయ్యాక, కనుమ దాటించి మనుషుల్ని తెచ్చి బస పెట్టాల్సిన తిలెక్ వాళ్ల ధర మా ధరను మించిపోయింది. తెర మీద మొదటి పేరు మాది. జోల్దోష్ లేచి నిలబడి, ఏం చేయాలో తోచక తిలెక్‌నే కౌగిలించుకున్నాడు.

పని పూర్తయ్యాక, జనవరిలో సెలవులు అయి బడి తెరిచిన పొద్దున్నే హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది.

"జోల్దోష్, వెంటనే రావయ్యా! ఇక్కడంతా గందరగోళంగా ఉంది."

ఆయన అప్పటికే బూట్లు వేసుకుంటున్నాడు. "ఎక్కడైనా కారుతోందా అక్కా?"

"కారడం కాదు! ఇన్నాళ్లూ కోట్లతోనే కూర్చున్న పిల్లలందరూ వాటిని విప్పేశారు. తగిలించడానికి ఈ బడిలో ఒక్క కొక్కెమైనా లేదు!"

ఆయన డ్రిల్లింగ్ మిషన్ వెతుక్కుంటుంటే నేను చీటీ రాసిచ్చాను. పిల్లకొకటి చొప్పున మూడు వందల పన్నెండు కొక్కేలు. అవి టెండరులో ఏ పేజీలోనూ లేవు.